అత్తమామలతో క్యాంపర్ వ్యాన్‌లో గాస్పెసీ: వెళ్ళాలా, మానాలా?

వెన్నెల_ఓక్‌విల్
గుంటూరు నుంచి మా అత్తయ్య, మామయ్య వస్తున్నారు. క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని క్యూబెక్‌లో గాస్పెసీ ద్వీపకల్పం చుట్టి రావాలని మా ఆయన పట్టుబట్టి కూర్చున్నారు. జులై 20 తర్వాత ఓక్‌విల్‌లో బయలుదేరి, ద్వీపకల్పం కొనలో ఉన్న పెర్సే ఊరి దాకా వెళ్ళి, 9 రోజుల్లో ఇంటికి రావాలట. మొత్తం ఆరుగురం. పిల్లలకు 7, 4 ఏళ్ళు. మామయ్యకు మోకాళ్ళ నొప్పులు. అత్తయ్య గుడ్డు తగిలిన వస్తువు కూడా ముట్టరు. మాలో ఎవరికీ ఫ్రెంచ్ రాదు. 28 అడుగుల బండి మా ఆయన ఇంతవరకు నడపలేదు. టాయిలెట్ ట్యాంక్ ఎవరు ఖాళీ చేస్తారని అడిగితే "చూద్దాంలే" అంటున్నారు. నాకూ వెళ్ళాలనే ఉంది, కానీ పెద్దవాళ్ళు అవస్థ పడతారేమోనని టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాజోలు_టు_ఒట్టావా
వద్దండి. కారులో వెళ్ళి మోటెల్‌లో పడుకోండి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రాత్రిపూట ఆ ఇరుకు టాయిలెట్‌లో దూరడం ఎంత కష్టమో ఆలోచించండి. వ్యాన్ అద్దె, కిలోమీటర్ల చార్జీ, పెట్రోలు, క్యాంప్‌గ్రౌండ్ అన్నీ కలిపితే రెండు మోటెల్ గదుల కంటే ఎక్కువే అవుతుంది.

చిన్నోడు_బ్రాంప్టన్
ప్లాన్ ఎవరిదో ట్యాంక్ వాళ్ళదే అక్కా. ఇది బయలుదేరే ముందే తేల్చేయండి 😀

మాంట్రియల్_మధు
క్యాంపర్ వద్దని నేను అనను. కానీ 9 రోజుల్లో ఓక్‌విల్ నుంచి ఓక్‌విల్‌కి మాత్రం వద్దు. లెక్క చూడండి. మీ పక్కనున్న టొరంటో నుంచి మాంట్రియల్ 540 కి.మీ., అక్కడి నుంచి క్యూబెక్ సిటీ 250, అక్కడి నుంచి రిమూస్కీ ఇంకో 300. ఇంత చేసినా అసలు యాత్ర ఇంకా మొదలవలేదు. 132 నంబరు రోడ్డు సాంత్-ఫ్లావీ దగ్గర రెండుగా చీలి, ద్వీపకల్పం మొత్తం చుట్టి మళ్ళీ అక్కడే కలుస్తుంది. ఆ చుట్టు ఒక్కటే 900 కి.మీ.కి దగ్గర. రానూపోనూ అన్నీ కలిపితే 3,200 దాటుతుంది. పైగా 132 హైవే కాదు, ఊళ్ళ మధ్యలోంచి పోయే రోడ్డు. పది నిమిషాలకో ఊరు వస్తుంది, ఊరు రాగానే వేగం 50కి దించాలి. మీ పెద్దవాళ్ళు సముద్రాన్ని కిటికీలోంచి చూసి తిరిగొస్తారు, అంతే.

ఇంకో ముఖ్యమైన విషయం తేదీలు. జులై చివరి రెండు వారాలు క్యూబెక్‌లో నిర్మాణ రంగానికి సెలవులు. ఆ రెండు వారాలూ రాష్ట్రంలో సగం మంది రోడ్ల మీదే ఉంటారు. క్యాంప్‌గ్రౌండ్లలో మంచి చోట్లు ఎప్పుడో చలికాలంలోనే అయిపోయుంటాయి. ఆగస్టు చివరి వారానికి మార్చుకోండి. క్యూబెక్ బడులు ఆగస్టు ఆఖర్లోనే తెరుస్తారు, మీ ఒంటారియో బడులు లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) తర్వాత కదా. ఆ వారం అక్కడ జనం ఉండరు, మీ పిల్లలకు బడీ పోదు.

వెన్నెల_ఓక్‌విల్
ఈ బడుల సంగతి మాకు తట్టనే లేదు. చాలా థాంక్స్ మధు గారు. క్యూబెక్ సిటీ దాకా మా కారులోనే వెళ్ళి అక్కడ వ్యాన్ తీసుకుంటే నయమా?

మాంట్రియల్_మధు
చాలా నయం. అద్దె కంపెనీలు చాలావరకు కిలోమీటరుకి ఇంత అని వేస్తాయి, జనరేటర్‌కి గంటల లెక్క వేరే. హైవే మీద వెళ్ళే 850 కిలోమీటర్లకి మీ కారే సుఖం.

గేర్‌బాక్స్_గణేశ్
పెట్రోలు లెక్క నేను చెబుతా. ఆ సైజు బండి 100 కి.మీ.కి 20 నుంచి 25 లీటర్లు తాగుతుంది. 3,200 కి.మీ.కి 22 లీటర్ల చొప్పున వేసుకున్నా 700 లీటర్లు. లీటరు 1.60 డాలర్లు అనుకుంటే 1,100 డాలర్ల పైనే. క్యూబెక్ సిటీలో తీసుకుంటే ఇందులో సగానికి పైగా తగ్గుతుంది.

మొదటిసారి నడిపేవాళ్ళకు ఒక మాట. వ్యాన్ తీసుకోగానే రోడ్డెక్కొద్దు. ఏదైనా ఖాళీ పార్కింగ్‌లో అరగంట తిప్పండి. మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం బయటికి ఊగుతుంది, పక్కనున్న స్తంభాలకు తగిలేది అదే. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. రివర్స్ చేసేటప్పుడు ఒకరు దిగి వెనక నిలబడాలి, అదీ అద్దంలో కనిపించేలా.

132లో ఉత్తర తీరం మోంట్-సాంపియేర్ దాటాక కొండలెక్కి దిగుతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచకూడదు. టో-హాల్ బటన్ (గేరును తక్కువలో పట్టి ఉంచేది) నొక్కండి, లేదా గేరు తగ్గించి ఇంజనుతోనే వేగం ఆపండి. బ్రేకు కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారే దాకా కదలొద్దు. వెనక కార్లు వరస కడితే దారి ఇవ్వండి, తొందరపడొద్దు.

రాజోలు_టు_ఒట్టావా
చూశారా, ఇన్ని జాగ్రత్తలు ఎందుకు చెప్పాల్సి వస్తోంది? సెలవుకు వెళ్తూ లారీ డ్రైవింగ్ నేర్చుకోవాలా?

సుబ్బలక్ష్మి_లావాల్
రాజోలు గారూ, మోటెల్‌లో పెద్దావిడకి ఏం పెడతారో చెప్పండి. అక్కడ బఠాణీల సూప్ అంటే అందులో పంది మాంసం ఉంటుంది. పూటీన్ (చీజ్ వేసిన బంగాళాదుంప ఫ్రైస్) మీద పోసే గ్రేవీ చాలాచోట్ల మాంసంతో చేసిందే. ఆవిడ పూటపూటా బ్రెడ్డు, అరటిపండుతో గడపాలా? మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఆవిడకి అన్నిటికంటే నచ్చింది సముద్రం ఒడ్డున పొయ్యి మీద తన చేత్తో పప్పు పెట్టుకోవడమే. నా ఓటు క్యాంపర్‌కే.

వెన్నెల, వంట సంగతి చెబుతాను. పోపులు, వేపుళ్ళు బండిలో పెట్టుకోవద్దు. పొయ్యి పక్కనే పొగ అలారం ఉంటుంది, మిరపకాయ వేగగానే కూస్తుంది. పైగా ఆ వాసన పరుపులకు పట్టేస్తుంది. పులిహోర పులుసు, కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన ఉప్మా రవ్వ ఇంట్లోనే చేసుకుని వెళ్ళండి. చిన్న కుక్కర్ పట్టుకెళ్ళండి, గ్యాస్ పొయ్యి మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పోపు తప్పదనుకుంటే బయట బల్ల మీద చిన్న క్యాంపింగ్ స్టవ్‌తో పెట్టండి. కరివేపాకు, ఇడ్లీ పిండి లాంటివి మాంట్రియల్‌లో మన సరుకుల కొట్లుండే పార్క్ ఎక్స్‌టెన్షన్ పేట దగ్గర కొనేయండి, క్యూబెక్ సిటీ దాటాక ఆశ పెట్టుకోవద్దు.

పెరుగుకి భయం లేదు, ఏ సూపర్ మార్కెట్‌లోనైనా సాదా పెరుగు దొరుకుతుంది. జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉందేమో మాత్రం చూసి తీసుకోండి. కెనడాలో డబ్బాల మీద ఇంగ్లీష్, ఫ్రెంచ్ రెండూ ఉండాల్సిందే కాబట్టి గుడ్డు ఉందో లేదో మీరే చదువుకోవచ్చు.

చిన్నోడు_బ్రాంప్టన్
ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ పనిచేస్తుందా ఆంటీ? మా ఫ్రెండ్స్ బ్యాచ్ కూడా వెళ్దామనుకుంటున్నాం.

గేర్‌బాక్స్_గణేశ్
కరెంటు ఉన్న సైట్‌లో (క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపే చోటు) ప్లగ్ పెడితేనే. 30 ఆంపియర్ల సైట్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇండక్షన్ స్టవ్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. రైస్ కుక్కర్ ఒక్కటీ వేసుకుంటే ఇబ్బంది లేదు. దారిలో ఆగి వండాలంటే గ్యాసే.

గ్యాస్ అన్నాను కాబట్టి ఇంకోటి. మాంట్రియల్‌లో లూయీ-ఇప్పోలీత్ లాఫోంతేన్ సొరంగం, ఇంకొన్ని సొరంగాల్లోకి ప్రొపేన్ (బండిలోని వంట గ్యాస్) ఉన్న బండ్లకి ఆంక్షలున్నాయి. బోర్డు చూడకుండా జీపీఎస్ చెప్పిందని దూరిపోవద్దు, వంతెన దారి పట్టండి. మాంట్రియల్‌లో వ్యాన్ తీసుకునేవాళ్ళకి ఇది ముఖ్యం. కారులో వెళ్ళేవాళ్ళు కూడా 30 నంబరు హైవే మీదుగా ఊరి దక్షిణం నుంచి చుట్టి 20 ఎక్కండి. ఒకచోట టోల్ వంతెన ఉంటుంది, ఊళ్ళో ట్రాఫిక్ తప్పుతుంది కాబట్టి ఆ డబ్బు దండగ కాదు.

వెన్నెల_ఓక్‌విల్
ట్యాంక్ గురించి ఎవరూ చెప్పడం లేదు 🙂

గేర్‌బాక్స్_గణేశ్
చెబుతాను, అంత భయపడాల్సిన పని కాదు. రెండు ట్యాంకులుంటాయి. టాయిలెట్‌ది నల్ల ట్యాంక్, సింకు, స్నానాలది బూడిదరంగు ట్యాంక్. ముందు నల్లది వదలాలి, తర్వాత బూడిదరంగుది. సబ్బునీళ్ళు వెనకాల వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. రెండో మాట, నల్ల ట్యాంక్ వాల్వ్ సైట్‌లో ఎప్పుడూ తెరిచి ఉంచొద్దు. నీళ్ళన్నీ పోయి గట్టిది లోపల గడ్డకడుతుంది. మూడింట రెండొంతులు నిండాక ఒక్కసారి వదలండి. చేతులకు పారేసే గ్లవ్స్, బండితో ఇచ్చిన ట్యాంక్‌లో వేసే మందు, అంతే. పది నిమిషాల పని.

మనవాళ్ళు మగ్గుతో నీళ్ళు వాడతాం, ఆరుగురంటే నల్లది రెండు రోజులకే నిండొచ్చు. అందుకని పగలు క్యాంప్‌గ్రౌండ్ టాయిలెట్లు వాడండి, స్నానాలు కూడా అక్కడే. బండిలోది రాత్రికి, పెద్దవాళ్ళకి ఉంచండి. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు గిన్నె అడుగు సింకులో పోయకండి. కంచాలు ముందు టిష్యూతో తుడిచి అప్పుడు కడగండి. బూడిదరంగు ట్యాంక్‌లో వాసన వచ్చేది వాటివల్లే.

ట్యాంకులు వదిలే చోట రెండు కుళాయిలుంటాయి. గొట్టం కడిగే కుళాయి నీళ్ళు తాగడానికి కాదు.

సుబ్బలక్ష్మి_లావాల్
కంచాలు తుడవడం గురించి గణేశ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

విజయవాడ_టు_విండ్సర్
పెద్దవాళ్ళు వెనక మంచం మీద పడుకుని ప్రయాణం చేయొచ్చనుకుంటారు చాలామంది. కుదరదు. బండి కదులుతుంటే అందరూ సీటులో బెల్టు పెట్టుకుని ఉండాల్సిందే. ఆరుగురు పడుకునే బండి అంటే ఆరు బెల్టులున్న బండి అని కాదు, విడిగా అడగండి. పిల్లల సీట్లు ముందుకు తిరిగి ఉన్న బెంచి మీదే బిగించాలి. క్యూబెక్‌లో 145 సెంటీమీటర్ల ఎత్తు లేదా 9 ఏళ్ళు వచ్చేదాకా పిల్లలకి ప్రత్యేక సీటు తప్పనిసరి. మీ ఏడేళ్ళవాడికీ బూస్టర్ కావాలి. డ్రైవర్ తల మీదుండే మంచం పిల్లలకే, నిచ్చెనెక్కాలి. వెనక మంచం మామయ్యగారికి ఇవ్వండి.

అత్తమామలకు విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు, మందుల చీటీలు బండిలోనే ఒక కవర్లో పెట్టుకోండి.

రాజోలు_టు_ఒట్టావా
సరే, వంట విషయంలో సుబ్బలక్ష్మి గారి మాట ఒప్పుకుంటున్నా. మరి భాష? పెట్రోలు బంకులో, క్యాంప్ ఆఫీసులో ఏం చేస్తారు?

మాంట్రియల్_మధు
మనకు ఫ్రెంచ్ రాదని ఎవరూ చిన్నచూపు చూడరు. లోపలికి వెళ్ళగానే "బోంజూర్" అని పలకరించి, ఆ తర్వాత ఇంగ్లీష్ మొదలుపెట్టండి. పలకరింపు లేకుండా నేరుగా ప్రశ్న వేస్తేనే వాళ్ళకి చిరాకు. పార్కు ఆఫీసుల్లో ఇంగ్లీష్ వస్తుంది. దక్షిణ తీరంలో, గాస్పే ఊరి చుట్టుపక్కల తరతరాలుగా ఇంగ్లీష్ మాట్లాడే కుటుంబాలున్నాయి. క్యూబెక్ విడిపోవాలని ఉద్యమం నడిపిన రెనే లెవెక్ పెరిగిన న్యూ కార్లైల్ కూడా అలాంటి ఊరే. చిన్న ఊళ్ళలో ఫోన్లో అనువాదం చూపించండి, ఓపిగ్గా చదివి దగ్గరుండి దారి చూపిస్తారు. బంకులో ఆర్డినేర్ అంటే మామూలు పెట్రోలు. మీ బండి పెట్రోలుదో డీజిల్‌దో మూత తీసి చూసుకున్నాకే పోయించండి.

పారిస్_పద్మ
నేను ఫ్రాన్స్ నుంచి. మేం బ్రిటనీ తీరం ఇలాగే తిరిగాం, మా అమ్మ కూడా ఉంది. అక్కడ హైవేలకు టోల్ లేదు, ఊరూరా క్యాంపర్లు ఆగడానికి చోట్లుంటాయి. బీచ్ పార్కింగ్‌ల దగ్గర మాత్రం ఎత్తు అడ్డుకమ్మీలు పెట్టేస్తారు, పెద్ద బండి లోపలికి పోదు. చిన్న వ్యాన్ అయితే నయం అనిపించింది. క్యూబెక్‌లో రోడ్డు పక్కన ఆపి పడుకోవచ్చా?

మాంట్రియల్_మధు
ప్రతి ఊరికీ ఒక్కో నియమం పద్మ గారు. 2020 వేసవిలో జనం ఒక్కసారిగా గాస్పెసీ మీద పడి బీచ్‌ల మీదే టెంట్లేసి చెత్త పోశారు. అప్పటి నుంచి గట్టిగా ఉన్నారు. పెద్దవాళ్ళతో వెళ్తూ చీకట్లో చోటు వెతుక్కోవడం అనవసరం, ప్రతి రాత్రికీ ముందే బుక్ చేసుకోండి.

బుకింగ్ గురించి ఒకటి. ఫోరియాన్ పార్కు కెనడా ప్రభుత్వానిది. బిక్, గాస్పెసీ, బోనవాంచర్ దీవి పార్కులు క్యూబెక్ సంస్థ సెపాక్‌వి. పేరులో అన్నీ నేషనల్ పార్కులే కానీ రెండిటికీ బుకింగ్ వెబ్‌సైట్లు వేరు, పాస్‌లు వేరు. ఒకదాని పాస్ ఇంకోదానికి చెల్లదు. ఫోరియాన్‌లో పెటీ-గాస్పే, డే-రోజియే క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు సైట్లున్నాయి. కాప్-బోనామీ టెంట్లకే.

పక్షిప్రేమి_రవి
ఏ వైపు నుంచి చుట్టాలో ఎవరూ చెప్పలేదు. గడియారం తిరిగే దిశకు ఎదురుగా వెళ్ళండి. ముందు మాటాపీడియా లోయలోంచి దిగి, దక్షిణ తీరం, పెర్సే, ఫోరియాన్, చివరికి ఉత్తర తీరం. మన డ్రైవింగ్ కుడివైపు కాబట్టి దారి పొడవునా సముద్రం మన పక్కనే ఉంటుంది, ఆగే చోట్లు కూడా రోడ్డు దాటకుండా అందుతాయి.

గేర్‌బాక్స్_గణేశ్
ఇక్కడ నేను ఒప్పుకోను రవి గారు. అలా వెళ్తే ఉత్తర తీరం మీద పడమటికి నడపాలి, సాయంత్రం ఎండ సూటిగా డ్రైవర్ కళ్ళలో పడుతుంది. కొండరోడ్డు, కొత్త డ్రైవర్, కళ్ళలో ఎండ, ఈ మూడూ కలవకూడదు. గడియారం దిశలోనే వెళ్ళి ఉత్తర తీరం ముందు చూసేయండి. తిరుగు ప్రయాణంలో దక్షిణ తీరం చదునుగా, తేలిగ్గా ఉంటుంది.

పక్షిప్రేమి_రవి
మూడింటికల్లా క్యాంప్ చేరుకుంటే ఎండ సమస్యే లేదు కదా. ఆగస్టులో అక్కడ తొందరగా తెల్లారుతుంది, పొద్దున్నే బయలుదేరొచ్చు.

విజయవాడ_టు_విండ్సర్
నాలుగేళ్ళ పిల్లతో పొద్దున్నే బయలుదేరడం... రవి గారికి పిల్లలు లేరనుకుంటా 😀 నేను గణేశ్ వైపు.

కర్నూలు_కుర్రాడు
ఫోరియాన్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1970లో ఆ పార్కు కోసం 225 కుటుంబాలను ఇళ్ళు ఖాళీ చేయించారు. చేపలు పట్టుకుని బతికే వాళ్ళు, కొందరి ఇళ్ళు కళ్ళ ముందే తగలబెట్టారు. 2011లో కెనడా పార్లమెంటు వాళ్ళకు క్షమాపణ చెప్పింది. గ్రాండ్-గ్రావ్ దగ్గర పాత ఇళ్ళు కొన్ని ఇంకా ఉన్నాయి, లోపలికి వెళ్ళి చూడొచ్చు. మా తాతల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఆ ఇళ్ళ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దయచేసి అక్కడ ఫొటో దిగి వెళ్ళిపోకండి, ఆ బోర్డులు చదవండి, పిల్లలకు చెప్పండి.

సుబ్బలక్ష్మి_లావాల్
చెప్పినందుకు మంచిపని చేశావు నాయనా. మేం అటు రెండుసార్లు వెళ్ళినా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

వెన్నెల_ఓక్‌విల్
మామయ్య రెవెన్యూలో పనిచేశారు, ముంపు గ్రామాల పరిహారాల పని చూశారు. తప్పకుండా అక్కడ ఆగుతాం.

పెద్దవాళ్ళు ఎక్కువ నడవకుండా చూడగలిగేవి ఇంకేమున్నాయి?

మాంట్రియల్_మధు
రిమూస్కీ దగ్గర ప్వాంట్-ఓ-పేర్‌లో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ మ్యూజియం. 1914 మే 29న ఆ ఓడ పొగమంచులో ఇంకో ఓడతో గుద్దుకుని మునిగింది, 1,012 మంది పోయారు. పక్కనే ఒనొండాగా అనే సబ్‌మెరైన్ ఉంది, పిల్లలు బయటికి రామంటారు. అది మాత్రం ఇరుకు, మామయ్యగారు బయట బెంచీ మీద కూర్చోవడం మేలు. ఆ తర్వాత గ్రాండ్-మెటీలో రెఫర్డ్ తోటలు. ఎల్సీ రెఫర్డ్ అనే ఆవిడ 1926 నుంచి అంత చలిప్రాంతంలో వేల రకాల మొక్కలు పెంచింది. అక్కడి నీలం గసగసాల పువ్వులు ఆగస్టు చివరికి ఉండవు, ఆ ఒక్కటి మీకు దక్కదు. కాప్-డే-రోజియేలో 1858 నాటి లైట్‌హౌస్, కెనడాలో అన్నిటికంటే ఎత్తైనది, 34 మీటర్లు. రోడ్డు పక్కనే.

299 నంబరు రోడ్డులో గాస్పెసీ పార్కు కొండల్లోకి వెళ్ళాలనుకుంటే సాంతాన్-డే-మోన్‌లోనే పెట్రోలు నింపుకోండి, మధ్యలో సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. అక్కడి కారిబూలు (చలిప్రాంతపు దుప్పులు) పదుల సంఖ్యలోనే మిగిలాయి, కనిపిస్తే దగ్గరికి పోకండి. చీకటి పడ్డాక బండి నడపొద్దు, మూస్ (గుర్రమంత పెద్ద దుప్పి) అడ్డొస్తుంది. దాన్ని గుద్దితే బండి ముందు భాగం మిగలదు.

వెన్నెల_ఓక్‌విల్
అందరి మాటలూ మా ఆయనకి చదివి వినిపించాను. తొమ్మిది రోజులు చాలవని సెలవు పెంచుకుని ఆగస్టు చివర్లో వెళ్తున్నాం, క్యూబెక్ సిటీలో వ్యాన్, గణేశ్ గారు చెప్పిన దిశలోనే. రోజుకి 200 కి.మీ. దాటొద్దని రాసుకున్నాం. బిక్‌లో, ఫోరియాన్‌లో, పెర్సేలో రెండేసి రాత్రులు. కొండల్లోకి వెళ్ళడం మానేశాం. ట్యాంక్ ఆయనదే, రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. రాజోలు గారూ, మీ మాట కూడా పాటిస్తున్నాం, పెర్సేలో అత్తమామలకి మోటెల్ గది తీసుకున్నాం, బండి పక్క క్యాంప్‌గ్రౌండ్‌లో.

చివరి సందేహం. పెర్సే ఎదురుగా ఉన్న బోనవాంచర్ దీవికి పడవలో వెళ్తే మామయ్య నడవగలరా?

రాజోలు_టు_ఒట్టావా
మంచి ఏర్పాటు. ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు.

పక్షిప్రేమి_రవి
దీవిలో దిగితే గానెట్ అనే సముద్ర పక్షుల దగ్గరికి దాదాపు 3 కి.మీ. అడవి దారిలో నడవాలి, తిరిగి రావాలి. మోకాళ్ళ నొప్పులతో వద్దు. కానీ పడవ ముందు పెర్సే రాయి (సముద్రంలో నిలబడ్డ పెద్ద బండ) పక్కగా పోయి, దీవి చుట్టూ తిప్పుతుంది. దాదాపు లక్ష పక్షులు కొండచరియ మీద తెల్లగా పరుచుకుని కూర్చుంటాయి, పడవలోంచే బాగా కనిపిస్తాయి. మామయ్యగారు, అత్తయ్యగారు దిగకుండా అదే పడవలో వెనక్కి రావచ్చు. మీరు, పిల్లలు దిగి నడవండి. అంత దగ్గరగా అన్ని పక్షుల్ని చూడటం పిల్లలకి జన్మంతా గుర్తుంటుంది. రాయి కిందికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు, పైనుంచి రాళ్ళు రాలుతుంటాయని నిషేధించారు.

పడవ టికెట్ వేరు, దీవిలో దిగితే పార్కు రుసుము వేరు. రెండు రాత్రులున్నారు కాబట్టి మొదటి రోజు పొద్దున పడవకే పెట్టుకోండి. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, అప్పుడు రెండో రోజు చేతిలో ఉంటుంది. ఆగస్టులో కూడా సముద్రం మీద చలి, పెద్దవాళ్ళకి స్వెటర్లు, చెవులకు మఫ్లర్లు మర్చిపోకండి.